పొరుగును కొనగలమా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రోజుల్లో ఇల్లు కట్టడమే కష్టం. ఎక్కడ కట్టాలి అన్న ప్రశ్న అంతగా ఉండేది కాదు. తాత ఉన్న వీధిలోనే తండ్రి, తండ్రి ఉన్న వీధిలోనే కొడుకు. ఎవరి పేట వారిది, ఎవరి వీధి వారిది. ఈనాడు అలా కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసి, పది పదిహేనేళ్ళు కూడబెట్టి, పి.ఎఫ్. డబ్బు తీసి, మెడలోని బంగారం కుదువబెట్టి, మిగిలినది బ్యాంకులో ఇరవై ఏళ్ళ అప్పు తెచ్చి, పట్టణంలో ఒక ఇల్లు కొంటున్నారు. బయానా ఇచ్చేముందు కొందరు మా దగ్గరకు వస్తారు. "ఫాదర్ గారూ, అక్కడ కొనమంటారా? అది మంచి ఏరియాయేనా?" అని అడుగుతారు.

గజం ఎంత పలుకుతుందో చెప్పడం గురువుల పని కాదు. కాని ఆ ప్రశ్నలో "మంచి" అన్న మాట ఒకటి ఉంది. ఆ మాట గురించి ఆలోచించడం మా పనే, మీ పని కూడాను. మంచి ఏరియా అంటే ఏమిటి? ఎవరికి మంచి? ఎందువల్ల మంచి?

వివేకం పాపం కాదు

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. ఇల్లు కొనేటప్పుడు అటూ ఇటూ చూడడం, పదిమందిని అడగడం, అనుమానించడం విశ్వాసలోపం కాదు. "అంతా దేవుడే చూసుకుంటాడు" అని కాగితాలు చదవకుండా సంతకం పెట్టడం భక్తి కాదు, సోమరితనం. పునీత తోమాసు అక్వినాసు వారు వివేకాన్ని నాలుగు మూల సుగుణాలలో ఒకటిగా వివరిస్తూ, దానిలో ముందుచూపు, పరిసరాల గమనింపు, జాగరూకత అనే అంగాలున్నాయన్నారు. జరిగిన సంగతుల జ్ఞాపకం, ఇతరులు చెప్పేది వినే గుణం కూడా వివేకంలో భాగమే అన్నారు. ఇల్లు కొనేవారికి ఈ ఐదూ అవసరమే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి, విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఎన్నో కుటుంబాలు డాబాలెక్కి పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ళ కోసం ఎదురుచూశాయి. అదే సంవత్సరం హైదరాబాదులో చెరువుల పరిధిలో కట్టిన ఇళ్ళను కూల్చినప్పుడు, అప్పు చేసి కొన్న కుటుంబాలు కొన్ని వీధిన పడ్డాయి. కనుక వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి, ఇది చెరువు ఎఫ్.టి.ఎల్.లో ఉందా, ఈసీ సరిగా ఉందా, లింకు డాక్యుమెంట్లు అన్నీ ఉన్నాయా అని అడిగి తీరాలి. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గాని, 8 ఫ్లాట్లు మించి గాని కట్టి అమ్మేవారు 2016 నాటి రెరా చట్టం కింద నమోదు చేయించుకోవాలి. ఆ నంబరు అడగండి. తాగునీరు, బస్సు, బడి, ఆసుపత్రి, గుడి ఎంత దూరమో చూడండి. నెలనెలా కట్టే వాయిదా మీ జీతంలో ఎంత మింగుతుందో లెక్కవేయండి. అప్పు తీర్చడానికి ఆదివారం కూడా పనికి పోవలసివస్తే, పిల్లల ముఖం చూసే తీరిక లేకపోతే, అది ఇల్లు కాదు, రాత్రి పడుకొనే చోటు మాత్రమే.

కాగితాలు చూడడంలో న్యాయం కూడా ఉంది. ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములను ఇతరులు కొనకుండా మన రాష్ట్రంలో 1977లోనే చట్టం చేశారు. తరువాత దానికి సవరణలు వచ్చాయి. కాని ఒక పేదవాడి అవసరాన్ని అడ్డం పెట్టుకొని చవకగా కొట్టేసిన స్థలం, చట్టం దృష్టిలో ఎలా ఉన్నా, దేవుని దృష్టిలో చవక కాదు.

లోతు చూసినది, చూడనిది

పవిత్ర గ్రంథంలో ఎక్కడ కాపురముండాలో ఎంచుకున్న మనిషి ఒకడున్నాడు. ఆదికాండము 13వ అధ్యాయం తీసి చదవండి. అబ్రహాముకు, అతని అన్నకొడుకు లోతుకు పశువులు పెరిగి చోటు చాలలేదు. కాపరులు తగవులాడుకున్నారు. అబ్రహాము పెద్దవాడై ఉండి కూడా, "నీవు ఎడమకు వెళితే నేను కుడికి వెళతాను" అన్న భావంతో ఎంపికను చిన్నవాడికి వదిలాడు. లోతు కన్నులెత్తి చూశాడు. యోర్దాను మైదానం నీటివసతితో తోటలా కనిపించింది. అదే ఎంచుకొని, సొదొమ దగ్గర గుడారం వేసుకున్నాడు.

లోతు నీళ్ళు చూసుకోవడం తప్పా? కాదు. పశువులున్నవాడు నీళ్ళు చూడాలి. మరి లోపం ఎక్కడ? అతడు నేలను చూశాడు గాని, ఆ నేలమీద మనుషులు ఒకరితో ఒకరు ఎలా బ్రతుకుతున్నారో చూడలేదు. సొదొమ పాపమేమిటో ప్రవక్త యెహెజ్కేలు 16వ అధ్యాయంలో చెబుతాడు. గర్వం, తిండి సమృద్ధి, నిశ్చింత, వీటన్నిటి నడుమ పేదవానికి చేయి అందించకపోవడం. ప్రియ పాఠకులారా, ఈ వర్ణన మరొకసారి చదవండి. ఈనాటి బ్రోకరు దానిని చూస్తే "పాష్ ఏరియా సార్, అందరూ డీసెంట్ ఫ్యామిలీస్" అంటాడు. నీళ్ళున్నాయి, సమృద్ధి ఉంది, ప్రశాంతత ఉంది, అడుక్కునేవాడు గేటు దాటి రాడు. ప్రవక్త లెక్కలో మాత్రం అది చెడ్డ ఏరియా.

"అక్కడ ఎవరుంటారు?"

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇల్లు చూడబోయినవారు నీళ్ళ గురించి, కాగితాల గురించి అడిగాక, కొంచెం గొంతు తగ్గించి మరో ప్రశ్న అడుగుతారు. "చుట్టుపక్కల ఎవరుంటారండీ?" ఈ ప్రశ్నకు రెండు అర్థాలున్నాయి. ఒకటి వివేకం, రెండవది పాపం. రెండూ ఒకే మాటలతో వస్తాయి కనుక విడదీయడం కష్టం.

విడదీయడానికి తోమాసు వారే దారి చూపారు. ఒకరిని గురువుగా నియమించేటప్పుడు అతనికి తగిన విద్య ఉందని నియమిస్తే, అది సరియైన కారణం చూడడం. ధనికుడనో బంధువనో నియమిస్తే, అది మనిషి ముఖం చూడడం, అంటే పక్షపాతం, న్యాయానికి విరుద్ధమైన పాపం. ఆయన ఈ మాట పదవులు, మర్యాదలు పంచే సందర్భంలో చెప్పారు. అదే కొలత ఇక్కడ కూడా పనికి వస్తుంది. నీవు చూసే కారణం, నీవు నిర్ణయించే విషయానికి సంబంధించినదేనా? వీధి మొదట్లో సారా కొట్టు ఉంది, చీకటి పడితే ఆడపిల్లలు నడవలేరు అంటే, అది కారణం. పక్క గోడౌనులో రసాయనాలు నిల్వచేస్తారు అంటే, అది కారణం. "అటుపక్క పేట ఉందట" అంటే? పేట ఉంటే ఏమిటి? అక్కడి మనుషులు నీకేం చేశారు? ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే, నీవు చూసింది కారణాన్ని కాదు, ముఖాన్ని.

పునీత యాకోబు తన లేఖ 2వ అధ్యాయంలో ప్రార్థన కూటానికి బంగారు ఉంగరంతో వచ్చినవానికి మంచి ఆసనం, మాసిన బట్టలతో వచ్చినవానికి నేల చూపించేవారిని గద్దించాడు. మన గుళ్ళలో ఇప్పుడు అలా చేస్తే అందరం ఊరుకోము. మరి గుడిలో పక్కన కూర్చోనిచ్చిన మనిషిని, వీధిలో పక్కన ఉండనివ్వకపోతే, గుడిలో ఇచ్చిన చోటుకు విలువేమిటి? దివ్యసత్ప్రసాదం ఒకే వరుసలో స్వీకరించి, ఇంటికి వెళ్ళి మధ్యలో గోడ కడదామా? కులవివక్ష క్రైస్తవ జీవితానికి విరుద్ధమని పునీత జాన్ పాల్ జగద్గురువులు 2003లో తమిళనాడు పీఠాధిపతులతో గట్టిగా చెప్పారు. 2016లో భారత కతోలిక పీఠాధిపతులు దళితుల సాధికారతకై ఒక విధానాన్నే ప్రకటించారు. అవి పీఠాధిపతుల కార్యాలయాల్లో బీరువాలకు రాసినవి కావు. ఇల్లు కొనేటప్పుడు మన నోట వచ్చే ప్రశ్నలకు రాసినవి.

ఇక్కడ చాలామంది ఒక జవాబు చెబుతారు. "మాకైతే ఏ పట్టింపూ లేదు ఫాదర్, కాని రేపు అమ్మబోతే రేటు రాదు." ఈ జవాబును తేలికగా కొట్టిపారేయరాదు. జీవితమంతా కూడబెట్టింది ఒక్క ఇంట్లో పెట్టే కుటుంబానికి ఆ భయం నిజమైన భయమే. కాని కొంచెం ఆలోచించండి. మొదటివాడు నాకు పట్టింపు లేదు, రెండవవానికి ఉంది అంటాడు. రెండవవాడు నాకు లేదు, మూడవవానికి ఉంది అంటాడు. ఎవరిని అడిగినా పట్టింపు లేదు. అయినా పేట పక్క స్థలం మాత్రం చవక. మరి ఆ పట్టింపు ఎవరిది? ధర వానలాగా ఆకాశంనుంచి పడదు. మన అందరి ఎంపికలు కూడితేనే ధర. మనం "మార్కెట్" అని పిలిచే ఆ పెద్దమనిషికి మన ముఖమే ఉంది.

అయితే లోకమంతా మోసే పాపభారాన్ని ఒక్క చిన్న కుటుంబం మోసి తీరాలని శ్రీసభ ఆజ్ఞాపించదు. చెడును కోరడం వేరు, చెడు ఉన్న లోకంలో నష్టపోకుండా చూసుకోవడం వేరు. నీతిశాస్త్రం ఈ తేడాను ఎప్పుడూ పాటించింది. కనుక ధర లెక్కవేసుకోండి. కాని ఆ లెక్కకు సుగుణమనే పేరు పెట్టకండి. పేదవారుండే చోటును పిల్లల ముందు "చెడ్డ ఏరియా" అనకండి, ఎందుకంటే పిల్లలు ధరను వినరు, మనుషుల గురించి తీర్పును వింటారు. ఇక రెండు ఇళ్ళు మిగతా అన్ని విషయాల్లోనూ సమానంగా ఉండి, మీ జేబు తట్టుకోగలిగితే, అందరూ వద్దన్న పక్కనున్నదే కొనండి. ఇది ఆజ్ఞ కాదు, సలహా. సువార్తలో చాలా గొప్ప పనులు సలహాలుగానే మొదలయ్యాయి.

తలుపుకు అటువైపున ఉన్నవారు

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో చాలావాటికి ఈ ప్రశ్న అడిగిన అనుభవం కన్నా, అడిగించుకున్న అనుభవమే ఎక్కువ. అద్దెకు ఇల్లు చూడబోతే "మీరేమిట్లండీ?" అంటారు. నేరుగా అడగడానికి మొహమాటమైతే ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్ళో ఏ వైపు అని అడుగుతారు. జవాబు విన్నాక, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు "మా అల్లుడొస్తున్నాడండీ" అవుతుంది. ఈ అవమానం భరించినవారికి సొంత ఇల్లు అంటే గోడలు, పైకప్పు కాదు. ఇక ఎవరూ అడగరు అన్న నిబ్బరం.

అలాంటి కుటుంబం పేట విడిచి కాలనీలో కొనుక్కుంటే, "మనవాళ్ళను వదిలేశారు" అని నిందించడం అన్యాయం. పేటలో పుట్టినవాడు పేటలోనే ఉండాలన్న నియమం దేవుడు పెట్టినది కాదు, మనుషులు పెట్టినది. దానిని దాటి వెళ్ళడం పాపం కాదు, చాలాసార్లు అది ధైర్యం.

కాని దాటి వెళ్ళినవారికి రెండు శోధనలు ఎదురవుతాయి. ఒకటి, దాక్కోవడం. గుమ్మం మీద సిలువ పెట్టకపోవడం, ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే పొరుగువారికి కనబడకుండా చూడడం. భయం అర్థమవుతుంది. ఆ భయం కలిగించినవారిదే పెద్ద పాపం. అయినా తల్లిని దాచిన ఇంట్లో బిడ్డలు ఏమి నేర్చుకుంటారో ఆలోచించండి. రెండవది, తాను లోపలికి వచ్చాక తలుపు వేసుకోవడం. అపార్టుమెంటు సంఘంలో సభ్యుడై, పనిమనుషులు లిఫ్టు ఎక్కరాదు అన్న తీర్మానానికి తానూ చేయి ఎత్తడం. నిన్న తనకు జరిగినది ఈరోజు తాను మరొకరికి చేయడం. మన తల్లులు, అక్కలు ఎందరి ఇళ్ళ మెట్లు ఎక్కి దిగారో మరచిపోయినవారే ఆ చేయి ఎత్తగలరు.

మనవాళ్ళ మధ్యనే ఉంటే?

ఈ బాధలన్నీ ఎందుకు, కతోలికులమంతా గుడి పక్కన ఒక లేఅవుటు వేసుకొని ఉండిపోతే సరిపోదా అని కొందరి ఆలోచన. ఇందులో మంచి ఉంది. గుడి దగ్గరుంటే దివ్యపూజకు పిల్లలు నడిచి వస్తారు, మే నెల జపమాలకు పది ఇళ్ళవాళ్ళు కూడుతారు, కష్టం వస్తే పలికేవారుంటారు. గుడికి దగ్గరగా ఇల్లు చూసుకోమని మేమే చెబుతాము. కాని "గుడికి దగ్గర" వేరు, "వేరేవాళ్ళు రాకూడదు" వేరు. 2005లో మన సుప్రీంకోర్టు, అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం తమ మతస్థులకే సభ్యత్వం పరిమితం చేసుకోవచ్చునని తీర్పు ఇచ్చింది. కాని చట్టం అనుమతించిన ప్రతిదీ సువార్త అడిగేది కాదు.

ఆదిమ శ్రీసభ ఏమి చేసింది? రెండవ శతాబ్దం నాటిదని పండితులు చెప్పే "దియొగ్నేతునకు లేఖ" అనే రచన ఉంది. క్రైస్తవులు దేశంచేతగాని భాషచేతగాని వేరుగా ఉండరని, తమకంటూ వేరే పట్టణాలు కట్టుకోరని, అందరి మధ్యనే అందరిలా కాపురముంటూ, నడవడిలో మాత్రం వేరుగా కనబడతారని అందులో ఉంది. అది హింసలున్న కాలం. గోడకట్టుకొని ఉండడానికి వారికి మనకన్నా ఎక్కువ కారణాలుండేవి.

అసలు మనం "విచారణ" అని పిలిచేదానికి గ్రీకు మూలపదం పరోయికియా. పక్కన కాపురముండడం, పరవాసిగా ఉండడం అని దాని అర్థం. అంటే విచారణ అనే మాటకు మూలంలోనే పొరుగు ఉంది. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం విచారణ సాధారణంగా ఒక ప్రాంతానికి చెందినది. ఆ ప్రాంతంలో నివసించే విశ్వాసులందరూ దానివారే. స్థిరంగా ఉండాలన్న ఉద్దేశంతో మీరు ఒక చోట ఇల్లు పెట్టుకుంటే, ఆ చోటి విచారణ గురువు మీ గురువు అవుతాడు. మీరు ఆయనను ఎంచుకోలేదు, ఆయన మిమ్మును ఎంచుకోలేదు. పూజలో మీ పక్కన ఎవరు కూర్చుంటారో మీ చేతిలో లేదు. శ్రీసభ తెలిసే ఇలా ఏర్పాటు చేసింది. మనం ఎంచుకున్నవారిని ప్రేమించడం లోకంలో అందరూ చేసేదే. ఎంచుకోనివారిని ప్రేమించడం నేర్పే బడి విచారణ.

పదిమంది

సొదొమ కథ అంతటితో ఆగలేదు. నగరం నాశనం కానున్నదని తెలిసి అబ్రహాము దేవునితో బేరమాడాడు. యాభైమంది నీతిమంతులుంటే? నలభై ఐదుగురుంటే? చివరకు పదిమంది ఉంటే? పదిమంది ఉన్నా నాశనం చేయనన్నాడు దేవుడు. తాను కాపురముండని ఊరికోసం, తనకు ఇల్లు లేని వీధికోసం అబ్రహాము అలా వేడుకున్నాడు. కొండలమీద గుడారంలో ఉండి కూడా, సొదొమకు లోతు కన్నా మంచి పొరుగువాడు అబ్రహామే.

ఆ పట్టణానికి నీళ్ళు తక్కువ కాలేదు, తిండి తక్కువ కాలేదు. పదిమంది తక్కువయ్యారు. మంచి ఏరియాకు దేవుని కొలత అది. ఈ కొలత పెట్టుకుంటే, "అది మంచి ఏరియాయేనా?" అన్న ప్రశ్న మీ ముందే నిలబడుతుంది. ఆ పదిమందిలో మీ ఇంటివారు ఎందరు?

నా పొరుగువాడెవడు అని ధర్మశాస్త్ర బోధకుడు అడిగితే, ప్రభువు సమరీయుని కథ చెప్పి, ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడు అని తిరిగి అడిగిన సంగతి మీకు తెలుసు. పొరుగు దొరికేది కాదు, అయ్యేది. రిజిస్ట్రారు ఆఫీసులో ఇల్లు మీ పేరున రాస్తారు, హద్దులు రాస్తారు, తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి స్థలం అని. ఆ ఫలానావారితో మీ సంబంధం ఎలా ఉండాలో ఏ దస్తావేజూ రాయదు. అది మీరే రాయాలి.

కనుక ఇల్లు కొనబోయే కుటుంబాలు ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, టి.వి. పెట్టకుండా కూర్చొని, ఈ ప్రశ్నలు కలిసి వేసుకోండి. ఈ ఇంటి అప్పు మా కుటుంబ ప్రేమను మింగకుండా ఉంటుందా? మేము వద్దనుకున్న చోటు ఎందుకు వద్దనుకున్నాము, ఆ కారణం అక్కడివారి ముఖం ముందు నిలబడి చెప్పగలమా? మా ఇంటికి మా పేద బంధువులు సంకోచం లేకుండా రాగలరా? అర్ధరాత్రి పక్కింట్లో కేక వినబడితే మేము లేస్తామా?

ఇక గృహ ఆశీర్వాదానికి గురువులను పిలిచేటప్పుడు చాలామంది బంధువులను, ఆఫీసువారిని పిలుస్తారు. ఎడమపక్క ఇంటివారిని, కుడిపక్క ఇంటివారిని, ఆ ఇంటికి ఇటుకలు మోసిన కూలీలను కూడా పిలవండి. వారు ఏ కులమైనా, ఏ మతమైనా సరే. తీర్థజలం చల్లేటప్పుడు నాలుగు చుక్కలు గోడ దాటి పక్కింటిపై పడితే, మేము సంతోషిస్తాము.